వృద్ధ నక్షత్రాల నీటి రేఖలు మోడల్‌కు కుదరడం లేదా? సమస్య - పరిష్కారం

వృద్ధ నక్షత్రాలు చుట్టూ వెదజల్లే వాయువులోని నీటి ఆవిరి వర్ణపటంలో రేఖలుగా కనిపిస్తుంది. కంప్యూటర్ మోడల్ లెక్కించిన రేఖలు గమనించిన వాటితో కలవకపోతే చాలామంది ముందు మోడల్‌లోని నీటి మోతాదునే మారుస్తారు. నా దృష్టిలో అది అన్నిటికన్నా చివర ముట్టుకోవాల్సింది. ముందు కార్బన్ మోనాక్సైడ్ రేఖలతో ద్రవ్యనష్టం రేటు (నక్షత్రం ఎంత వేగంగా ద్రవ్యాన్ని కోల్పోతోందో), బయటికి పోయే వాయువు వేగం (మామూలుగా సెకనుకు 5 నుంచి 20 కిలోమీటర్లు) ఖాయం చేసుకోండి. ఆక్సిజన్ ఎక్కువున్న నక్షత్రంలో 10,000 హైడ్రోజన్ అణువులకు ఒకటో కొన్నో నీటి అణువులుంటాయి. మీ మోడల్ పదికి మించి అడుగుతోందంటే అంత ఆక్సిజన్ అక్కడ మిగిలే ఉండదు, తప్పు ఇంకెక్కడో ఉంది.

సమస్య: తక్కువ శక్తి స్థాయిల రేఖలు సరిపోతున్నాయి, ఎక్కువ శక్తి స్థాయిల నుంచి వచ్చేవి మాత్రం మోడల్‌లో బలహీనంగా ఉన్నాయి.

కారణం: చాలాసార్లు కంపన స్థాయిలను (అణువు కంపించే శక్తి స్థాయిలను) వదిలేయడమే. నక్షత్రం, వేడి ధూళి వెదజల్లే 6.3, 2.7 మైక్రాన్ల కాంతిని నీటి అణువు పీల్చుకుని కంపన స్థితికి ఎక్కుతుంది, దిగేటప్పుడు వేరే భ్రమణ స్థాయిలో (అణువు తిరిగే శక్తి స్థాయిలో) వాలుతుంది. అణువులు ఒకదాన్నొకటి ఢీకొనడాలు మాత్రమే లెక్కేస్తే ఈ దారే ఉండదు.

పరిష్కారం: 6.3 మైక్రాన్ల కంపనాన్ని తప్పకుండా చేర్చండి, వీలైతే 2.7 కూడా. ధూళి కాంతిని గమనించిన వర్ణపటంతో సరిచూడండి. అప్పటికీ తేడా ఉంటే లోపలి ఉష్ణోగ్రతను అనుమానించాలి. అక్కడ వాయువును చల్లబరిచే వాటిలో నీరే ముఖ్యం కాబట్టి మోతాదు మార్చిన ప్రతిసారీ ఉష్ణోగ్రతను మళ్లీ లెక్కించాలి.

సమస్య: ప్రోగ్రామ్ ‘కుదిరింది’ అంటుంది, కానీ మొదటి అంచనా మారిస్తే జవాబూ మారుతుంది.

కారణం: నీటి రేఖల ఆప్టికల్ డెప్త్ (వాయువు ఆ కాంతిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) చాలా ఎక్కువ. మామూలు ఇటరేషన్‌లో (జవాబును మళ్లీ మళ్లీ సరిదిద్దే లెక్కలో) ఒక్కో అడుగు మార్పు ఎంత చిన్నదంటే, ఆగిపోయినట్టే అనిపిస్తుంది.

పరిష్కారం: వేగవంతం చేసిన లాంబ్డా ఇటరేషన్ (అదే లెక్కను త్వరగా జవాబుకు చేర్చే పద్ధతి) వాడండి. ఒకసారి అణువులు ఉష్ణోగ్రతకు తగ్గట్టు స్థాయిల్లో సర్దుకున్నట్టు (ఉష్ణ సమతౌల్యం), మరోసారి అణువులన్నీ అట్టడుగు స్థాయిలో ఉన్నట్టు మొదలుపెట్టండి. రెండూ ఒకచోటికి చేరితేనే నమ్మాలి. మేసర్ రేఖ (కాంతిని పీల్చే బదులు పెంచే రేఖ) వల్ల లెక్క పేలిపోతుంటే, ఆ ఒక్క రేఖలో రుణ ఆప్టికల్ డెప్త్‌కు హద్దు పెట్టండి.

సమస్య: 557 గిగాహెర్ట్జ్ నీటి రేఖ ఒక్కటే మోడల్‌లో మరీ బలంగా వస్తోంది.

కారణం, పరిష్కారం: నీటిని మరీ దూరం దాకా పరిచారు. బయటి అంచున అంతర్‌నక్షత్ర అతినీలలోహిత కాంతి దాన్ని విడగొడుతుంది. మోడల్‌లో నీరు విస్తరించిన వ్యాసార్థాన్ని తగ్గించండి.

సమస్య: పారా రేఖలన్నీ మోడల్‌లో ఎక్కువగా ఉన్నాయి. (హైడ్రోజన్ కేంద్రకాల స్పిన్‌ను బట్టి నీరు ఆర్థో, పారా అని రెండు రకాలు.)

మొత్తం నీటిని ఆర్థోకీ పారాకీ రెండింటికీ ఇచ్చారేమో చూడండి. వేడి వాయువులో ఆర్థో, పారా నిష్పత్తి 3:1.

హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోపులోని పాక్స్ అనే పరారుణ పరికరం తీసిన వర్ణపటంలో ఒక్క రేఖ మాత్రమే ఎక్కువైతే పక్క రేఖ కలిసిపోయిందేమో చూడాలి. మోడల్ వర్ణపటాన్ని మొత్తంగా పరికరం విభేదనకు (దగ్గరి రేఖలను విడదీసే శక్తికి) తగ్గట్టు మసకబార్చి పోల్చండి.

కార్బన్ నక్షత్రాల్లో (ఆక్సిజన్ కన్నా కార్బన్ ఎక్కువున్నవి) ఇంకో చిక్కుంది: అక్కడ నీరు దాదాపు ఉండదనుకునేవారు. ఐఆర్‌సీ+10216 అనే కార్బన్ నక్షత్రంలో 2001లో నీరు కనిపించినప్పుడు తోకచుక్కల మంచు ఆవిరవుతోందన్నారు. 2010లో హెర్షెల్ పెద్ద శక్తి రేఖలను చూడడంతో వేడి నీరు లోపలే ఉందని తేలింది. అలాంటి నక్షత్రానికి పెద్ద శక్తి రేఖలు మోడల్‌లో రాకపోతే నీటిని బయటి పొర నుంచి లోపలికి జరపండి.