టీవీలో చూసిన కుక్క ట్రైనింగు మీ పెద్ద జాతి పిల్లకు పనికొస్తుందా? తేల్చుకోవడం ఎలా

ఎనిమిది వారాల ల్యాబ్రడార్ పిల్ల ఐదారు కిలోలుంటుంది. చంకనేసుకోవచ్చు, పక్కకి తోయొచ్చు, వెల్లకిలా పడేసి కదలకుండా పట్టుకోవచ్చు. ఏడాది తిరిగేసరికి అదే ముప్పై కిలోలవుతుంది. రాట్‌వైలరైతే నలభై, గ్రేట్ డేనైతే యాభై దాటడం మామూలే. అందుకని టీవీలో చూసిన ఏ పద్ధతికైనా మొదటి ప్రశ్న ఇది: ఈ పని నలభై కిలోల కుక్కతో, ఇంట్లో అందరికన్నా బలం తక్కువున్నవాళ్లు చేయగలరా? బెంగళూరు మారతహళ్లి ఫ్లాటులో మధ్యాహ్నం కుక్కను కిందికి తీసుకెళ్లేది ఆఫీసుకెళ్లిన కొడుకు కాదు, అనంతపురం నుంచి వచ్చి ఉంటున్న అమ్మగారు. ఆవిడ వల్ల కాదంటే, తెర మీద ఎంత బాగున్నా ఆ పద్ధతి ఆ ఇంటికి కుదరదు.

రెండో ప్రశ్న: తెర మీద ఉన్నది ఎలాంటి కుక్క? చాలా కార్యక్రమాల్లో చూపించేది మూడు నాలుగేళ్ల కుక్కని. ఇద్దరినో ముగ్గురినో కరిచింది, ఇంట్లోవాళ్లు చేతులెత్తేశారు. మీ దగ్గరున్నది పది వారాల పిల్ల, ఇంకా ఎవరినీ ఏమీ చేయలేదు. చెడినదాన్ని దారికి తేవడం వేరు, చెడకుండా పెంచడం వేరు. రెండోది రోజుకు ఏడెనిమిది సార్లు, సారికి మూడేసి నిమిషాలు చేసే చప్పటి పని. దాన్ని కెమెరా పెట్టి తీస్తే చూసేవాడుండడు.

అలాగని టీవీ వాళ్లందరినీ ఒక గాటన కట్టకూడదు. నేషనల్ జియోగ్రాఫిక్ చానెల్‌లో 2004 నుంచి 2012 దాకా వచ్చిన సీజర్ మిలన్ కార్యక్రమం మనిషి నాయకుడు, కుక్క అనుచరుడు అన్న లెక్క మీద నడిచింది. నిపుణుల్ని అడక్కుండా ఇంట్లో ఇవి చేయొద్దని ఆ కార్యక్రమమే తెర మీద హెచ్చరిక వేసేది. 2005లో బ్రిటన్ చానెల్ 4లో మొదలైన విక్టోరియా స్టిల్వెల్ కార్యక్రమం తిండి, మెచ్చుకోలు ఎరగా చూపి నేర్పే దారిది. ఇప్పుడు యూట్యూబులో, రీల్సులో వచ్చేవన్నీ దాదాపు ఈ రెంటిలో ఒకదాని పిల్లలే.

సౌండు తీసేసి చూడండి

ఏ క్లిప్పునైనా ముందు మామూలుగా ఒకసారి చూడండి. తర్వాత సౌండు పూర్తిగా తీసేసి, ట్రైనర్ని వదిలేసి, కుక్క మెడ నుంచి ముక్కు దాకా మాత్రమే చూడండి. వ్యాఖ్యాత గొంతు, వెనక సంగీతం లేకపోతే అది వేరే సినిమా. ఆకలి లేకుండా పెదాలు నాక్కోవడం, నిద్ర రాకుండా ఆవులించడం, కంటి తెల్లగుడ్డు పక్కన నెలవంకలా కనబడటం, చెవులు వెనక్కి అంటుకుపోవడం, ముందుకాలు ఒకటి గాల్లో ఎత్తి పట్టుకోవడం, తోక పొట్ట కిందికి పోవడం: ఇవన్నీ భయానికి గుర్తులే. వీటి తర్వాత కుక్క ఒళ్లు బిగదీసుకుని కదలకుండా నిలబడిపోతే, సరిగ్గా అప్పుడే వ్యాఖ్యాత 'ఇప్పుడు శాంతించింది' అంటాడు. శాంతించిన కుక్క నోరు వదులుగా ఉంటుంది, రెప్పలు వేస్తుంది, చేతిలో చికెన్ ముక్క పెడితే తింటుంది, వదిలేస్తే తనంతట తాను మనిషి దగ్గరికి వస్తుంది. బెదిరి బిగుసుకున్నది తిండి ముట్టదు, వదిలిన మరుక్షణం దూరం జరుగుతుంది.

1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో, తప్పించుకోలేని కరెంటు షాకులు తిన్న కుక్కలు చాలావరకు, ఆ తర్వాత తప్పించుకునే దారి ఉన్నా కదలకుండా పడి ఉండిపోయాయి. ఏం చేసినా లాభం లేదని తేల్చుకున్న కుక్క దూరం నుంచి చూస్తే బుద్ధిమంతురాలిలాగే ఉంటుంది.

ఇంకో పని కూడా చేయండి. 'ముందు', 'తర్వాత' షాట్ల మధ్య గోడ మీద నీడ ఎటుందో, మెడపట్టీ అదేనో కాదో చూడండి. నీడ పొద్దున్నుంచి సాయంత్రానికి జరిగి ఉంటే, మీరు చూసిన నాలుగు నిమిషాలు అసలు కొన్ని గంటల పని.

'ఆల్ఫా' లెక్క ఎక్కడిది

ఆల్ఫా అంటే మిగతావాటిని లొంగదీసి గుంపును ఏలే నాయకుడు. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే జంతుశాస్త్రజ్ఞుడు జూలో బందీగా ఉన్న తోడేళ్ల మీద రాసిన పరిశీలన నుంచి ఈ మాట బయల్దేరింది. ఒకదానికొకటి సంబంధం లేనివాటిని ఒక ఆవరణలో పెడితే కొట్టుకుంటాయి మరి. 1970లో తన పుస్తకంతో ఆల్ఫా మాటకు బాగా ప్రచారం తెచ్చిన తోడేళ్ల శాస్త్రవేత్త డేవిడ్ మెక్, అడవి తోడేళ్లను ఏళ్ల తరబడి చూశాక, 1999లో అది సరికాదని రాశాడు. అడవిలో గుంపు అంటే తల్లీ తండ్రీ వాటి పిల్లలూ, అంతే. పైగా మీ ఇంట్లో ఉన్నది తోడేలు కాదు.

కాబట్టి కుక్కకన్నా ముందు మీరు తినడం, సోఫా ఎక్కనివ్వకపోవడం లాంటివాటితో నాయకత్వమేమీ రాదు. సోఫా మీద బొచ్చు వద్దనుకుంటే ఎక్కనివ్వకండి, అది మీ ఇష్టం. గుమ్మం దగ్గర ఆగడం మాత్రం తప్పకుండా నేర్పాలి. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ముప్పై అయిదు కిలోలు ముందుకు దూకితే ఎదురుగా ఉన్న పిల్లాడు కిందపడతాడు, నేర్పేది అందుకు.

వెల్లకిలా పడేసి అదిమి పట్టడం, కళ్లలోకి గుడ్లురిమి చూడటం, కొట్టడం, తన్నడం లాంటివాటి సంగతి 2009లో అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పశువైద్యులు 140 మంది యజమానుల్ని అడిగి రాశారు. కొట్టామనో తన్నామనో చెప్పినవాళ్లలో 43 శాతం మందికి, వెల్లకిలా అదిమామన్నవాళ్లలో 31 శాతానికి, గుడ్లురిమి చూశామన్నవాళ్లలో 30 శాతానికి కుక్క ఎదురుతిరిగింది. అవి అప్పటికే ఏదో ఇబ్బందితో ఆస్పత్రికొచ్చిన కుక్కలు, నిజమే. టీవీలో చూపేవీ అలాంటివే కదా.

గొలుసు బిగిస్తే నేర్చుకునేదేమిటి

చోక్ చైను గుంజితే కుక్క లాగడం ఆపుతుంది, అది అబద్ధం కాదు. అయితే గొలుసు బిగిసిన క్షణంలో దాని కళ్లెదుట ఏముందో చూడండి. బెంగళూరు వీధిలో అది మలుపు దగ్గర పడుకున్న వీధికుక్క కావచ్చు, సైకిలు మీద పిల్లాడు కావచ్చు, డెలివరీ స్కూటరు కావచ్చు. పిల్ల ఆశగా అటు చూసినప్పుడల్లా మెడ నొప్పెడితే, పదిసార్లయ్యాక స్కూటరు కనబడితే నొప్పి వస్తుందని దానికి ఖాయమవుతుంది. పదకొండోసారి ముందుగానే మొరిగి మీద పడుతుంది. పద్ధతి ఫలితం ఇదే, కానీ ఎపిసోడ్ అప్పటికే ముగిసిపోయి ఉంటుంది. మెడ మీద బలంగా లాగుడు పడితే గొంతుగొట్టానికి దెబ్బ తగలొచ్చు, కంట్లో ఒత్తిడీ పెరుగుతుంది.

దీని బదులు: ఛాతీ మీద వై ఆకారంలో వచ్చే హార్నెస్, ఆరడుగుల మామూలు నైలాన్ తాడు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. ఈ జాతుల పిల్లలు వారాల్లో పెరిగిపోతాయి కాబట్టి పదిహేను రోజులకోసారి వేళ్లు పెట్టి చూసి వదులు చేయండి. తాడు బిగిసిందా, చెట్టులా నిలబడిపోండి. గుంజొద్దు, అరవొద్దు. పిల్ల వెనక్కి చూసి తాడు వదులవగానే, సరిగ్గా చేశావనడానికి గుర్తుగా 'ఎస్' అని, మీ ప్యాంటు కుట్టు పక్కన ఒక తిండి ముక్క పెట్టి, అడుగు వేయండి. మొదటి రెండు వారాలు పది నిమిషాల్లో గేటు దాకా వెళితే గొప్ప. ఇంట్లో ఒక్కరు లాగనిచ్చినా ఇది పోతుంది, అందరూ తప్పేది ఇక్కడే.

మాటల సంగతి కూడా అంతే. నాన్న 'కూర్చో', పిల్లలు 'సిట్', పనమ్మాయి కన్నడలో 'కూత్కో' అంటే పిల్ల దేన్ని పట్టుకోవాలి? ఒక్క మాట ఖాయం చేసి ఫ్రిజ్ మీద రాసిపెట్టండి. కూర్చోబెట్టడానికి నడుము మీద చెయ్యి వేసి నొక్కొద్దు, పెరుగుతున్న తుంటి అది. ముక్కు దగ్గర ముక్క పట్టుకుని నెమ్మదిగా తల మీదుగా వెనక్కి జరపండి. తల పైకి లేస్తే పిర్ర కిందికి వస్తుంది. నేలకు తాకిన ఆ సెకనులోనే 'ఎస్', వెంటనే ముక్క. మూడు సెకన్లు ఆలస్యమైతే అప్పటికే లేచి నిలబడిన దానికి మీరు బహుమతి ఇచ్చినట్టు. ముక్క శనగబద్దంత చాలు: ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్, పనీరు, క్యారెట్. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ వద్దు. రోజు మొత్తం తిండిలో ట్రీట్లు పదో వంతు మించకూడదు.

గిన్నెలో చెయ్యి పెట్టే సీను

తినే కుక్క గిన్నె లాక్కుని 'ఇది నాది' అని చూపించడం టీవీకి ఇష్టమైన ఘట్టం. కుక్క గుర్రుమంటుంది, ట్రైనర్ వెనక్కి తగ్గడు, సీను పండుతుంది. పిల్లకు అర్థమయ్యేదేమిటంటే, గిన్నె దగ్గరికి మనిషి వస్తే తిండి పోతుందని. గుర్రుమన్నందుకు దెబ్బ పడితే గుర్రుమనడం మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది. గుర్రు హెచ్చరిక, దాన్ని చంపుకోకండి.

ఇలా చేయండి. పిల్ల తింటుంటే ఆరడుగుల దూరంలోంచి నడుస్తూ గోరంత చికెన్ గిన్నె పక్కన వేసి ఆగకుండా వెళ్లిపోండి. ఒక భోజనానికి ఐదారు సార్లు, మూడు నాలుగు రోజులు. మీ అడుగు చప్పుడుకి తల ఎత్తి తోక ఊపితే మూడడుగులకు రండి. తర్వాత పక్కనే నిలబడి, ఆ తర్వాత వంగి గిన్నెలోనే వేయండి. చివరికి గిన్నె ఎత్తి, చికెన్ వేసి, వెంటనే తిరిగి పెట్టండి. మధ్యలో ఎక్కడైనా పిల్ల ఒళ్లు బిగించినా, గబగబా మింగినా, తల గిన్నె మీదికి వాల్చి కాపలా కాసినా ముందటి దూరానికి వెళ్లిపోండి. చిన్నపిల్లలతో ఇది చేయించకండి.

నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పళ్లు మారేటప్పుడు కొరకడం వేరే సంగతి, దాన్ని ఎదురుతిరగడం అనుకోవద్దు. మూతి మూసి పట్టడం, వేళ్లు వంచి మెడ మీద పొడవడం పిల్లకు ఆటలాగో బెదిరింపులాగో కనబడతాయి, రెంటితోనూ కొరుకుడు పెరుగుతుంది. పళ్లు తగలగానే ఆట ఆపి లేచి, ఇరవై ముప్పై సెకన్లు పక్కగదిలోకి వెళ్లండి. తడిగుడ్డ మెలిపెట్టి ఫ్రీజర్లో పెట్టి ఇవ్వండి. సాయంత్రం ఏడింటికి పిచ్చెత్తినట్టు కొరుకుతుంటే అది నిద్ర చాలక చేసే పని. ఈ వయసులో రోజుకు పద్దెనిమిది గంటలు నిద్ర కావాలి.

అలవాటు చేయడం, అలసిపోగొట్టడం

భయపడే చోటికి ఈడ్చుకెళ్లి, లొంగేదాకా అక్కడే ఉంచడం తెరమీద నాటకీయంగా ఉంటుంది. లోకం మంచిదే అని పిల్ల తేల్చుకునే కాలం మూడో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం దాకా. టీకాలు పూర్తయ్యేది పదహారు వారాలప్పుడు. ఈలోగా వీధి నేల మీద పార్వో అనే ప్రాణాంతక వైరస్ భయం ఉంది కాబట్టి దింపకుండా, చేతుల్లో ఎత్తుకునో కారు డిక్కీ తెరిచి ఒళ్లో పెట్టుకునో చూపించండి: ఆటోలు, గొడుగు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, పక్క సైటులో డ్రిల్లింగు. చూస్తూ తినగలిగినంత దూరమే సరైన దూరం, తినడం మానేస్తే ఇంకా వెనక్కి రండి. దీపావళి టపాసుల శబ్దం, వినాయకచవితి డప్పుల మోత రెండు నెలల ముందునుంచే ఫోనులో సన్నగా పెట్టి, అన్నం తినేటప్పుడు వినిపించండి.

'ముందు బాగా అలసిపోగొట్టండి' అని చూపే ట్రెడ్‌మిల్లు, స్కేట్ల వెంట పరుగు పెద్ద జాతి పిల్లకు అసలు కూడదు. ఎముకల కొసల్లో పెరిగే మెత్తటి పొర గట్టిపడేది పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలకు. అప్పటిదాకా పరుగు, ఎత్తునుంచి దూకడం, మూడంతస్తుల మెట్లు రోజూ ఎక్కించి దింపడం వద్దు. ఇక్కడి ఇళ్లలో నునుపు టైల్సు, గ్రానైట్ ఇంకో శత్రువు. జారిన ప్రతిసారీ తుంటి మీద ఒత్తిడి పడుతుంది. పిల్ల తిరిగే దారిలో పాత యోగా మ్యాట్లు, కొబ్బరిపీచు పట్టాలు పరవండి. పెద్ద జాతి పిల్లల మేత తినిపిస్తూ పైన క్యాల్షియం సిరప్ పోయకండి. ఎక్కువైన క్యాల్షియం ఎముకలకు చేసే చెడు, తక్కువైనదానికి తీసిపోదు. ముక్కుతో వెతికించి ఆడిస్తే, పాత తువ్వాలులో మేత చుట్టి ఇస్తే, పరుగు లేకుండానే పదిహేను నిమిషాల్లో అలసిపోతుంది.

ఇంటికొచ్చే ట్రైనర్ని పెట్టుకుంటే మూడు అడగండి: సరిగ్గా చేస్తే కుక్కకు ఏం దక్కుతుంది, తప్పు చేస్తే ఏమవుతుంది, మొత్తం సేపు నేను పక్కనుండొచ్చా. రెండోదానికి 'కరెక్షన్' (గొలుసు గుంజడం లాంటి శిక్షకు పెట్టిన పేరు) అని ఊరుకుంటే, చేత్తో చేసి చూపించమనండి. నెల రోజులు తన దగ్గర వదిలేయమంటే వద్దు.

ఇక ఆరేడు నెలల పిల్ల ఉన్నట్టుండి ముట్టుకోనివ్వకపోయినా, లేవడానికి తడబడినా, తిండి దగ్గర కొత్తగా గుర్రుమన్నా ఏ వీడియో చూడకండి. చెవిలో చీము, తుంటి నొప్పి, పిడుదుల వల్ల వచ్చే జ్వరం, ఈ మూడూ బయటికి పొగరులాగే కనబడతాయి. ముందు పశువైద్యుడి దగ్గర చెవులు చూపించి, రక్తపరీక్ష చేయించండి. కుంటుతుంటే తుంటి ఎక్స్‌రే తీయించండి. రిపోర్టు వచ్చేదాకా పాఠాలు ఆపేయండి.