సొంతంగా తయారుచేసుకున్న చిన్న విమానంలో బ్రేకులు మొరాయిస్తే

బ్రేక్ సరిగ్గా పట్టట్లేదు అనగానే మనలో చాలామంది చేసే పని, రిజర్వాయర్ (బ్రేక్ ఆయిల్ ఉండే డబ్బా) మూత తీసి ఆయిల్ పోసేయడం, లేదంటే కొత్త లైనింగులు (డిస్క్‌ని రుద్ది ఆపే బిళ్ళలు) తెప్పించేయడం. నేనూ చేశాను, డబ్బు వదిలింది తప్ప బ్రేక్ మారలేదు. అసలు పెడల్ కాలికి ఎలా తగులుతోందో చూస్తే సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. ముందు చక్రానికి స్టీరింగ్ లేకుండా దాని మానాన అది తిరిగే రకం విమానమైతే మరీ జాగ్రత్త, ఎందుకంటే ట్యాక్సీలో, అంటే నేల మీద నడుపుకుంటూ వెళ్ళేటప్పుడు, దాన్ని మలుపు తిప్పేవి బ్రేకులే. ఒక వైపు బ్రేక్ పోయిందంటే ఆగడం సంగతి దేవుడెరుగు, రన్‌వే పక్కనున్న గడ్డిలోకి పోతారు.

పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంది, రెండు మూడుసార్లు తొక్కితే గట్టిపడుతోంది

లైన్లో గాలి ఉంది, దాదాపు ఎప్పుడూ ఇదే. కారుకి చేసినట్టు పైనుంచి పెడల్ కొడుతూ గాలి తీయాలని చూస్తే రోజంతా పడుతుంది, గాలి బుడగ పైకి పోవాలనుకుంటుంటే మనం కిందికి తోస్తున్నాం మరి. చక్రం దగ్గర లైనింగుల్ని డిస్క్‌కి నొక్కే కాలిపర్‌కి ఒక బ్లీడర్ (గాలి తీసే చిన్న మర) ఉంటుంది, దానికి పారదర్శకమైన ట్యూబు తగిలించి, కింది నుంచి ఆయిల్‌ని నెమ్మదిగా పైకి పంపండి. రిజర్వాయర్ నుంచి ఇంకో ట్యూబు తీసి సీసాలో పెట్టుకుంటే బుడగలు కనిపిస్తాయి. మొదట పెద్దవి గబగబా వస్తాయి, తర్వాత ఆవగింజంతవి ఒక్కొక్కటిగా, ఇక అయిపోయిందనుకుని ఆపేసేది సరిగ్గా అప్పుడే, ఆపకండి. పెడల్స్ పూర్తిగా వెనక్కి వచ్చి ఉండాలి, లేకపోతే మాస్టర్ సిలిండర్లోని (పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టేది ఇదే) చిన్న రంధ్రం మూసుకుపోయి ఆయిల్ పైకి వెళ్ళనే వెళ్ళదు. పక్క సీటు వైపు కూడా పెడల్స్ ఉంటే ఆ గొట్టాల వంపుల్లో బుడగ దాక్కుంటుంది, అక్కడ కాస్త తట్టండి.

పెడల్ గట్టిగానే ఉంది, కానీ తొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతోంది

బయట ఎక్కడా చుక్క కనిపించకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి ఓ-రింగ్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు వలయం) అరిగిపోయింది, ఆయిల్ పిస్టన్ పక్కనుంచి వెనక్కి జారుకుంటోంది. విప్పి ఓ-రింగ్ మార్చండి, సిలిండర్ గోడ మీద గీతలు ఉన్నాయేమో గోరుతో తడిమి చూడండి. రిజర్వాయర్ మట్టం కూడా తగ్గుతుంటే లీకు బయటికే. పెడల్స్ కింద ఫ్లోర్, చక్రం లోపలి వైపు టైరు, ఈ రెండు చోట్లా తెల్ల గుడ్డతో తుడిస్తే ఎర్రగా అంటుకుంటుంది.

ఎర్రగా అన్నానంటే మనం వాడేది 5606 లేదా 83282 రకం హైడ్రాలిక్ ఆయిల్ అనుకుని. కారు బ్రేక్ ఆయిల్, అదే డాట్ 3, డాట్ 4, ఇందులో పోశారో, నైట్రైల్ రబ్బరు ఓ-రింగులు ఉబ్బి మెత్తబడి పాడైపోతాయి. ఒకసారి పోసేశాక కడిగితే సరిపోదు, మొత్తం రబ్బరు మార్చాల్సిందే. 5606, 83282 రెంటిలో నా ఓటు 83282కే. 5606 కనీస ఫ్లాష్ పాయింట్ (ఆయిల్ ఆవిరికి నిప్పు అంటుకోగల ఉష్ణోగ్రత) 82 డిగ్రీల సెల్సియస్ అయితే దీనిది 205, వేడెక్కిన డిస్క్ మీద ఆయిల్ కారినప్పుడు ఈ తేడా విలువ తెలుస్తుంది.

బ్రేక్ వదలట్లేదు, చక్రం వేడెక్కిపోతోంది

అన్నిట్లోకీ ప్రమాదం ఇదే. పట్టేసిన బ్రేక్ వేడెక్కుతుంది, వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది, వెనక్కి పోయే దారి లేకపోతే ఆ ఒత్తిడి ఇంకా గట్టిగా పట్టిస్తుంది, చివరికి కాలిపర్ ఓ-రింగ్ కాలి ఆయిల్ కారి, చక్రం మీది ఫైబర్ తొడుగు లోపల మంట అంటుకుంటుంది.

విమానాన్ని జాకీ మీద ఎత్తి, చక్రం చేత్తో తిప్పి, బిగుసుకుని ఉండగానే బ్లీడర్ పావు చుట్టు వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలేసిందంటే లోపల ఒత్తిడి ఇరుక్కుంది. అప్పుడు చూడాల్సినవి పార్కింగ్ బ్రేక్ వాల్వు, పెడల్ రిటర్న్ స్ప్రింగు, ఇంకా మాస్టర్ సిలిండర్ రాడ్డు పూర్తిగా బయటికి వస్తోందా లేదా అన్నది. చాలాసార్లు రాడ్డు చివర పెడల్‌కి తగిలించే కొక్కెం, అదే క్లెవిస్, రెండు చుట్లు తిప్పితే తీరిపోతుంది. ఆయిల్ రాకుండా చక్రం అలాగే బిగుసుకుని ఉంటే కాలిపర్ జారే పిన్నులు తుప్పు పట్టాయి, లేదా పిస్టన్ ఇరుక్కుంది, లేదా డిస్క్ వంకరపోయింది. పిన్నులను సన్నటి గరుకు కాగితంతో రుద్ది, పొడిగా ఆరిపోయే లూబ్రికెంట్ పూయండి. గ్రీజు వద్దు, దుమ్ము అంటుకుని మళ్ళీ మొదటికొస్తుంది.

నా కుడి చక్రం పది నిమిషాల ట్యాక్సీకే చెయ్యి పెట్టలేనంత కాలిపోయేది. పైన రాసినవన్నీ చేశాను, రెండు వారాలు పోయాయి. చివరికి పక్క సీట్లో కూర్చున్న మిత్రుడు నా కాళ్ళకేసి చూసి, "ఆ బూటు పెడల్ పైభాగం మీద ఎందుకు పెట్టావ్?" అన్నాడు. పెడల్ పైభాగం నొక్కితేనే బ్రేక్ పడేది మరి, నాకు తెలియకుండానే తొక్కుతున్నాను. మడమ నేలకి ఆనించి ఉంచడం అలవాటు చేసుకున్నాక చక్రం మళ్ళీ వేడెక్కలేదు.

పెడల్ రాయిలా ఉంది, అయినా విమానం ఆగట్లేదు

లైనింగ్ మీద నూనో గ్రీజో పడి ఉండాలి, లేదా కొత్త లైనింగ్‌ని ముందుగా వేడెక్కించి పదును చేయకుండా వాడి ఉండాలి. నూనె పీల్చిన లైనింగ్‌ని కడిగి వాడే ప్రయత్నం చేయకండి, మార్చేయండి. ఆ పదును ఎలాగంటే, క్లీవ్‌ల్యాండ్ కంపెనీ ఆర్గానిక్ లైనింగులైతే ఇంజిన్ 1,700 ఆర్‌పీఎం దగ్గర పెట్టి, బ్రేక్ తొక్కుతూ గంటకు 5 నుంచి 10 మైళ్ళ వేగంతో 1,500 అడుగులు ట్యాక్సీ చేసి, 10 నుంచి 15 నిమిషాలు చల్లారనివ్వాలి. మెటాలిక్ రకానికి ఇది పనికిరాదు, వాటికి 30-35 నాట్ల నుంచి మధ్యలో చల్లారనివ్వకుండా వరసగా రెండుసార్లు పూర్తిగా ఆపాలి. లైనింగ్ మందం 0.100 అంగుళానికి వచ్చిందంటే ఎలాగూ మార్చే సమయమే, ఇంకా సాగదీస్తే రివెట్ తలలు డిస్క్‌ని గీరేస్తాయి.

ఒక పక్కకి లాగుతోంది

బ్రేక్ ముట్టుకునే ముందు రెండు టైర్లలో గాలి చూడండి. అది సమానంగా ఉంటే, లాగుతున్న వైపు బ్రేక్ పట్టేసి ఉండాలి, లేదా ఎదుటి వైపు సరిగ్గా పట్టకుండా ఉండాలి. ట్యాక్సీ చేసి వచ్చి, కాస్త దూరం నుంచే, రెండు డిస్కుల ఉష్ణోగ్రత ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలిస్తే ఏ వైపు విప్పాలో తేలిపోతుంది.