పాత పద్ధతి డిగ్రీలో పేపర్లు మిగిలిపోయాయా? పూర్తి చేసుకోవడం ఎలా?

మూడు ప్రధాన సబ్జెక్టులతో బీఏ, బీఎస్సీ చదివే పాత పద్ధతికి మన ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 బ్యాచ్‌తో తెరపడింది. 2023-24లో చేరినవారి నుంచి ఒక మేజర్ (ప్రధాన సబ్జెక్టు), ఒక మైనర్ (అనుబంధ సబ్జెక్టు) ఉండే ఆనర్స్ డిగ్రీ వచ్చింది. ఎంపీసీ, బీజడ్‌సీ, హెచ్ఈపీ అని గ్రూపు పేరుతో చదువు చెప్పుకునే అలవాటు ఇళ్లలో ఇంకా పోలేదు గానీ, కాలేజీల్లో ఆ తరగతులు లేవు. రెండు మూడు పేపర్లు మిగిలి, ‘కోర్సే ఎత్తేశారట, ఇక రాసి ఏం లాభం’ అని పుస్తకాలు అటకెక్కించినవారు కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో తక్కువేమీ కాదు. ఇది వాళ్ల కోసం.

కోర్సు ఎత్తేయడమంటే కొత్త ప్రవేశాలు ఆపడం. అప్పటికే చేరినవారికి పరీక్షలు కొంతకాలం నడుస్తాయి, వచ్చిన పట్టా ఎప్పటికీ చెల్లుతుంది. పీజీ తర్వాత చదివే పరిశోధన డిగ్రీ ఎంఫిల్ సంగతి చూడండి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నవంబరు నిబంధనలతో దాన్ని ఆపేసింది, కానీ అంతకు ముందు పొందిన ఎంఫిల్ పట్టాలకు ఢోకా లేదు. మీ చిక్కల్లా ఆ ‘కొంతకాలం’ ఎంత అన్నదే.

మొదటి పని: మీరు ఏ విశ్వవిద్యాలయం విద్యార్థో తేల్చుకోండి

నవ్వకండి, తప్పు తలుపు తట్టడం ఇక్కడే మొదలవుతుంది. 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయం రాకముందు కర్నూలు జిల్లా కాలేజీలు అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కింద ఉండేవి. 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం ఏర్పడకముందు కడప వారికి పట్టా తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం నుంచి వచ్చేది. కర్నూలు నగరంలోని సిల్వర్ జూబ్లీ, కేవీఆర్ మహిళా కళాశాల, పురుషుల ప్రభుత్వ కళాశాల ఆ తర్వాత క్లస్టర్ విశ్వవిద్యాలయంగా కలిశాయి. కాబట్టి ఒకే కాలేజీలో చదివిన అక్కకూ చెల్లికీ పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయాలు వేరు కావచ్చు. మీ మొదటి సెమిస్టర్ హాల్‌టికెట్ మీద ఉన్న పేరుతో మొదలుపెట్టండి. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీ అయితే పరీక్ష పెట్టేది కాలేజీయే, పట్టా మాత్రం విశ్వవిద్యాలయం ఇస్తుంది.

ఆ తర్వాత చేరిన ఏడాది చూడండి. 2015-16కు ముందు చేరినవారిది సంవత్సరాంత పరీక్షల పద్ధతి. అప్పటి నుంచి సెమిస్టర్లు వచ్చాయి. 2020-21లో సిలబస్ మారి ఇంటర్న్‌షిప్, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేరాయి. 2023-24 నుంచి మేజర్, మైనర్. పరీక్ష ఏ ఏడాది రాసినా, చేరిన ఏడాది నిబంధనలే మొదట వర్తిస్తాయి. ఆఫీసులో గుమస్తా ‘ఏ బ్యాచ్ బాబూ?’ అని అడిగేది ఇందుకే.

రెండో పని: మెమోలన్నీ నేల మీద పరచండి

సెమిస్టర్ల వరుసలో పెట్టి ఒక్కో గీత చదవండి. పేపర్ కోడ్, పేరు, ఇంటర్నల్ మార్కులు, ఎక్స్‌టర్నల్ మార్కులు, క్రెడిట్లు, గ్రేడు ఉంటాయి. ‘ఎఫ్’ అంటే తప్పినట్టు, ‘ఏబీ’ అంటే పరీక్షకు రానట్టు. మూడో సెమిస్టర్ మెమోలో ఎఫ్ కనిపించి గుండె జారినా, తర్వాతి సప్లిమెంటరీ మెమోలో అదే కోడ్ పాసై ఉండవచ్చు. పేరును నమ్మకండి, కోడ్ రాసుకోండి. పాత సిలబస్‌కూ సవరించిన సిలబస్‌కూ ఒకే పేరున్న పేపర్లు ఉంటాయి, ఫీజు ఒకదానికి కట్టి ఇంకొకటి చదివితే ఆరు నెలలు గంగపాలు. థియరీ, ప్రాక్టికల్ విడివిడి పేపర్లని కూడా మరవద్దు.

ఇక 2020 తర్వాత చేరినవారు రాత పరీక్షలన్నీ పాసై కూడా పట్టా రాక తికమకపడుతుంటారు. మొదటి ఏడాది తర్వాతి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు నివేదికో, ఇంటర్న్‌షిప్ మార్కులో ఎక్కకపోవడం దీనికి కారణం కావచ్చు. అది పరీక్ష రాస్తే తీరేది కాదు, కాలేజీలోనే తేలాలి.

మూడో పని: కాగితం మీద అడగండి

యూజీసీ 2015లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం కోర్సు కాలం పైన మామూలుగా రెండేళ్లు, అరుదైన సందర్భాల్లో మరో ఏడాది గడువు ఇవ్వవచ్చు. ఆచరణలో ఏ విశ్వవిద్యాలయం లెక్క దానిదే. గడువు దాటినవారికి ప్రత్యేక అవకాశం పేరుతో పరీక్ష పెట్టిన సందర్భాలూ ఉంటాయి. అది హక్కు కాదు, వస్తే రావచ్చు. స్నేహితుడి వాట్సాప్ మాట మీద ఆధారపడకుండా ఇలా రాయండి:

“పరీక్షల నియంత్రణాధికారి గారికి, ప్రిన్సిపల్ గారి ద్వారా.
అయ్యా, నేను 2021-22లో బీఎస్సీ ఎంపీసీలో చేరాను. నా హాల్‌టికెట్ నంబరు ఇది. నాలుగో సెమిస్టర్‌లో ఫలానా కోడ్ ఫిజిక్స్ థియరీ, ప్రాక్టికల్ మిగిలాయి. వీటికి పాత సిలబస్‌తో పరీక్ష ఎప్పటి వరకు నిర్వహిస్తారు? ఆ తర్వాత రాయాలంటే వీటికి సమానమైన కొత్త పేపర్లు ఏవి? ప్రాక్టికల్ ఏ కాలేజీలో చేయాలి? దయచేసి లిఖితపూర్వకంగా తెలియజేయగలరు.”

మెమోల నకళ్లు జతచేయండి, మీ ప్రతి మీద స్వీకరించినట్టు ముద్ర వేయించుకోండి. ముందు కాలేజీకే వెళ్లండి. రాయలసీమ విశ్వవిద్యాలయం నంద్యాల రోడ్డులో, శ్రీకృష్ణదేవరాయ ఇటుకలపల్లి దగ్గర, యోగి వేమన పులివెందుల రోడ్డులో, అన్నీ ఊరి బయటే. ఆలూరు నుంచో కదిరి నుంచో ఎండలో అంత దూరం వెళ్తే ‘మీ ప్రిన్సిపల్ సంతకం ఏది?’ అని వెనక్కి పంపిస్తారు. చదివిన ప్రైవేటు కాలేజీ మూతపడి ఉంటే మాత్రం నేరుగా విశ్వవిద్యాలయానికే వెళ్లి, మీ రికార్డులు ఎక్కడున్నాయో అడగాలి. ఎంతకీ జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము పది రూపాయలు, 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

నాలుగో పని: పాతదా, కొత్తదా?

నా లెక్క సూటిగా చెబుతాను. మిగిలినవి నాలుగైదు పేపర్లయి, గడువు ఉంటే పాత డిగ్రీయే పూర్తి చేయండి. కొత్త డిగ్రీ అంటే విలువ ఎక్కువ అని మళ్లీ మొదటి సెమిస్టర్‌లో కూర్చోవడం కాలం వృథా. కొత్త పద్ధతిలోనూ మూడేళ్లకు బయటికి వచ్చేవారికి దక్కేది మామూలు డిగ్రీయే, నాలుగో ఏడాది చదివితేనే ఆనర్స్. యూజీసీ చట్రంలో మూడేళ్లకు 120, నాలుగేళ్లకు 160 క్రెడిట్లు.

బీఈడీ, డీఎస్సీ వైపు చూసేవారికి పాతదాన్ని వదులుకోకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఉపాధ్యాయ పోస్టులకు ఆ సబ్జెక్టు డిగ్రీలో చదివారా అన్నది చూస్తారు. ఎంపీసీ చదివినవారి చేతిలో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు మూడూ ఉంటాయి. ఒకే మేజర్ తీసుకుంటే మిగతా తలుపులు మైనర్‌ను బట్టి తెరుచుకుంటాయి.

మొదటి ఏడాది మాత్రమే చదివి మానేసినవారి సంగతి వేరు. వారికి కొత్తదే మేలు. నాలుగేళ్లూ చదివితే పీజీ ఒక ఏడాదిలో ముగించే వీలుంటుంది, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవారు పరిశోధనతో కూడిన ఆనర్స్‌కు వెళ్లవచ్చు. రెండో ఏడాది మధ్యలో ఆగినవారు రీ అడ్మిషన్ అడగాలి. అప్పుడు నడుస్తున్న బ్యాచ్‌లో కూర్చుని, తేడా వచ్చిన పేపర్లు అదనంగా రాయాల్సి రావచ్చు. పాత క్రెడిట్లు ఎన్ని కలుపుకొంటారో చేరకముందే కాగితం మీద తీసుకోండి. విద్యార్థుల క్రెడిట్లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో అవి గరిష్ఠంగా ఏడేళ్లు నిలుస్తాయి, అదీ మీవి అందులోకి ఎక్కి ఉంటేనే. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఒకసారి వాడుకున్నవారు అదే స్థాయి కోర్సుకు మళ్లీ వస్తుందని లెక్కలు వేసుకోవద్దు.

ఐదో పని: పరీక్ష

పాత సిలబస్ ప్రతి, రెండు మూడు పాత ప్రశ్నపత్రాలు ఇప్పుడే సంపాదించి పెట్టుకోండి, వెబ్‌సైట్ల నుంచి ఇవి తొలగిపోతుంటాయి. 2021-22 నుంచి డిగ్రీ ఇంగ్లీషు మాధ్యమానికి మారింది. తెలుగులో చదివినవారు ప్రశ్నపత్రం ఏ భాషలో వస్తుందో ఫీజు కట్టేటప్పుడే అడగండి. ప్రాక్టికల్ ఉన్నవారు ల్యాబ్ అధ్యాపకుడిని ముందుగా కలవాలి. వాడకం లేని పరికరాలు బీరువాలోకి వెళ్లిపోతాయి, వాటిని బయటికి తీయించి ఒకసారి సాధన చేయనివ్వమని అడగడంలో తప్పులేదు.

పాసయ్యాక కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ వెంటనే తీసుకోండి, ఒరిజినల్ డిగ్రీకి విడిగా దరఖాస్తు చేయాలి. అందులో మీ పేరు, ఇంటిపేరు అక్షరాలు పదో తరగతి మెమోతో సరిపోయాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. తప్పుంటే అక్కడికక్కడే దిద్దించుకోవడానికి అర్జీ ఇవ్వండి.