బ్రెయిన్ స్టెమ్ స్ట్రోక్ వచ్చిన నెలల తర్వాత కొత్త వణుకు మొదలైతే ఏం చేయాలి

మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసే చోట ఉండే బ్రెయిన్ స్టెమ్‌లో రక్తస్రావం జరిగి పక్షవాతం వచ్చిన మనిషి కోలుకుని, కర్ర సాయంతో నడక మొదలుపెట్టాక, కొన్ని వారాలకో నెలలకో చూపు ఊగడం, చేయి వణకడం, నడక తూలడం మెల్లగా పెరుగుతుంటే, దాని వెనుక హైపర్‌ట్రోఫిక్ ఒలివరీ డీజెనరేషన్ (మెదడులోని ఆలివ్ అనే భాగం ఉబ్బి చెడిపోవడం) అనే అరుదైన జబ్బు ఉండవచ్చు.

అయితే లక్షణం ఉన్నట్టుండి వస్తే ఈ జబ్బు గురించి ఆలోచించకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తం గడ్డకట్టి వచ్చిన స్ట్రోక్ అయితే, ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా 4.5 గంటలలోపే ఇవ్వాలి. ఆలూరు, ఆత్మకూరు వైపు పల్లెల నుంచి కర్నూలు చేరడానికే చాలా సమయం పడుతుంది.

చిన్నమెదడులోని ఒక కేంద్రాన్ని, నడిమెదడులోని మరో కేంద్రాన్ని, బ్రెయిన్ స్టెమ్ అడుగు భాగమైన మెడుల్లాలోని ఆలివ్‌ను కలిపే నాడీ మార్గాన్ని 1931లో ఫ్రెంచి వైద్యులు గిలాన్, మొలారే వర్ణించారు. స్ట్రోక్ ఆ దారిని తెంపితే, అదుపు తప్పిన ఆలివ్ కుంచించుకుపోవడానికి బదులు ముందు ఉబ్బుతుంది, ఏళ్లు గడిచాకే చిక్కిపోతుంది. నాడీ సంబంధం తెగిన మెదడు భాగం ఇలా ఉబ్బడం చాలా అరుదు.

ఇంట్లో చూడదగ్గ గుర్తు నోటిలోనే ఉంటుంది. రోగిని వెలుతురులో కూర్చోబెట్టి, నోరు బాగా తెరవమని చెప్పి, ఫోన్ టార్చి వేసి కొండనాలుకను గమనించండి. అది మెత్తటి అంగిలితో పాటు సెకనుకు ఒకటి నుంచి మూడుసార్లు లయగా ఎగిరిపడుతుంటే నిమిషం పాటు వీడియో తీయండి. ఈ కదలిక చాలామందిలో నిద్రలోనూ ఆగదు. తర్వాత కళ్లను దగ్గరగా తీయండి. కనుగుడ్లు లోలకంలా ఊగుతుంటే, గోడమీది క్యాలెండరు కదులుతోందని రోగి చెప్పే మాట భ్రమ కాదు. నోటితో చెప్పే వర్ణన కన్నా ఈ వీడియోలే న్యూరాలజిస్టుకు ఎక్కువ ఉపయోగపడతాయని నా గట్టి అభిప్రాయం.

స్ట్రోక్ నాటి స్కాన్ ఫిల్ములు, డిశ్చార్జి కాగితం తప్పక తీసుకెళ్లండి. ఎంఆర్ఐలో ఆలివ్ సుమారు నెల తర్వాత తెల్లగా మెరవడం, ఆరు నెలలకు ఉబ్బడం మొదలవుతుంది. పాత ఫిల్ము పక్కన లేకపోతే దాన్ని కొత్త స్ట్రోక్ అనో, కణితి అనో పొరబడే ప్రమాదం ఉంది.

జబ్బును వెనక్కి తిప్పే మందు లేదు. ఊగే చూపుకు గాబాపెంటిన్ లేదా మెమాంటిన్, వణుకుకు క్లోనజెపామ్ కొందరికి ఉపశమనమిస్తాయి. క్లోనజెపామ్ మత్తు కలిగించి తూలుడు పెంచగలదు కనుక మందుల షాపులో అడిగి కొనకండి. నాటు మందు నమ్మి బీపీ మాత్రలు ఆపడం మరీ ప్రమాదం.

సంగటి ముద్దను నమలకుండా మింగడం మన అలవాటు. మింగుడు కష్టమైనవారికి అది గొంతుకు అడ్డుపడుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, చిన్నచిన్న ముద్దలు పెట్టండి. నీళ్లు తాగినప్పుడు దగ్గొస్తే డాక్టరుకు చెప్పండి. తడిసిన కడప బండలు జారుతాయి కాబట్టి స్నానాల గదిలో పట్టుకునే కమ్మీ బిగించండి. తర్వాతిసారి ఆసుపత్రికి వెళ్లేముందు మళ్లీ అదే వెలుతురులో అదే వీడియో తీస్తే, తేడా ఉందో లేదో డాక్టరే పోల్చి చూడగలరు.