ఇంట్లో మనిషి పోయాక ఎవరికి ముందు చెప్పాలి, ఎవరికి ఆఖర్న చెప్పాలి

చుట్టాలకి కబురు చేరడానికి మనం పెద్దగా కష్టపడక్కర్లేదు. ఒక మేనత్తకి ఫోన్ చేస్తే చాలు, మనిషిని జ్ఞానాపురం శ్మశానానికి తీసుకెళ్లేలోపు శ్రీకాకుళం దాకా తెలిసిపోతుంది. తిప్పలన్నీ ఆఫీసులకి చెప్పడంలోనే. మా మావయ్య రైల్వే గార్డుగా రిటైరయ్యారు, విశాఖ కంచరపాలెంలో సొంతిల్లు. ఆయన పోయాక కాగితాల పనంతా కోడలిగా నాకే వచ్చింది. మా ఆయనకి కౌంటర్ చూస్తేనే చిరాకు. అప్పుడు నాకు బాగా అర్థమైంది ఒకటే: ఎవరికి చెప్పాలన్న దానికంటే ఏ వరసలో చెప్పాలన్నదే ముఖ్యం. ముందు డెత్ సర్టిఫికెట్, తర్వాత పింఛను, బ్యాంకు, ఆ తర్వాత మిగతావి. పోయినవాళ్ల ఫోన్ నంబరు అన్నిటికంటే ఆఖర్న.

మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. 1969 నాటి చట్టం పెట్టిన గడువు అది. దాటితే లేటు ఫీజు, నెల దాటితే పైఅధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఆర్డరు. ఆస్పత్రిలో పోతే ఆస్పత్రివాళ్లే రిజిస్ట్రారుకి పంపాలి. ఇంట్లో పోతే ఇంటివాళ్లే చెప్పాలి, అప్పుడు శ్మశానంలో ఇచ్చిన రసీదు అక్కరకొస్తుంది, పారేయకండి. ఇంకో సంగతి: మనిషి ఎక్కడ చనిపోతే నమోదు అక్కడే, సొంతూళ్లో కాదు. విజయనగరం, పార్వతీపురం వైపు నుంచి కేజీహెచ్ ఆస్పత్రికి తెచ్చిన మనిషి ఇక్కడే పోతే సర్టిఫికెట్ కూడా విశాఖలోనే వస్తుంది. ఊళ్లో పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరిగి లాభం లేదు.

వివరాలు ఇచ్చేటప్పుడు పేరు దగ్గర మాత్రం తొందరపడకండి. మావయ్య పేరు ఆధార్‌లో అప్పారావు, కలిపి, ఇంటిపేరు పూర్తిగా. పాస్‌బుక్‌లో అప్పా, రావు విడివిడిగా, ముందు ఒక్క ఇనీషియల్. పింఛను కాగితంలో ఇంగ్లీషు స్పెల్లింగు ఇంకో రకం. మన తెలుగువాళ్ల ఇళ్లలో ఇది మామూలే. సర్టిఫికెట్ ఆధార్‌లో ఉన్నట్టే రాయించి, మిగతావాటికి ఆ పేర్లన్నీ ఒక్క మనిషివేనని నోటరీ అఫిడవిట్ చేయించాం. నా సలహా అదే. భార్య పేరు, తండ్రి పేరు, తేదీ కూడా డ్రాఫ్టులోనే అక్షరం అక్షరం చదవండి. తర్వాత దిద్దించడం అంటే టెన్షనే.

సర్టిఫికెట్ వచ్చాక పది జిరాక్సులు తీయించి గెజిటెడ్ ఆఫీసరుతో అటెస్ట్ చేయించండి. ఒరిజినల్ చూపించండి, వదిలిపెట్టి మాత్రం రాకండి. దాంతోపాటు మీ వార్డు సచివాలయంలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టండి. అది ఎమ్మార్వో ఆఫీసు నుంచి వస్తుంది. విచారణకి ఇంటికొస్తారు, సాక్షుల్ని అడుగుతారు.

పెద్దకర్మ రోజుని వదులుకోకండి. వినడానికి బాగోదు, తెలుసు. కానీ హైదరాబాద్ మరిది, బెంగళూరు ఆడపడుచు మళ్లీ అందరూ ఒకచోట కలిసేది ఎప్పుడు? భోజనాలయ్యాక, సాయంత్రం బండి ఎక్కేలోపు, అందరి ఆధార్ జిరాక్సులు, ఫోటోలు తీసుకోండి. గ్యాసు, కరెంటు, బండి పేరు మార్పులకి మిగతా వారసుల అభ్యంతరం లేదని రాసిన కాగితం అడుగుతారు. ఆ సంతకాలు ఆరోజే పెట్టించేయండి. మా అత్తయ్య మొదట్లో మొహం చిట్లించారు, తర్వాత ఆవిడే కళ్లజోడు తెమ్మని పెన్ను అందుకున్నారు. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరిచేతా సంతకం పెట్టించకండి.

ఇక బ్యాంకు. ‘చెబితే అకౌంటు ఆపేస్తారు, ఈలోపు ఏటీఎంలో తీసేద్దాం’ అనే పెద్దమనిషి ప్రతి ఇంట్లో ఒకడుంటాడు. వినకండి. పోయినవాళ్ల కార్డు, పిన్, ఫోన్‌పే వాడే హక్కు మనకి లేదు. స్టేట్‌మెంట్‌లో తేదీ కనిపిస్తుంది, రేపు అన్నదమ్ముల మధ్య మాటొస్తే ఇరుక్కునేది తీసినవాళ్లే. ఆ అకౌంట్లోంచి ఏ ఈఎంఐ, ఏ ప్రీమియం పోతోందో పాస్‌బుక్ చూసి రాసుకుని, అప్పుడు బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పండి, రశీదు ముద్ర వేయించుకోండి. జాయింట్ అకౌంటు ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ అయితే రెండోవాళ్లు వాడుకోవచ్చు, పోయినవాళ్ల పేరు తీయిస్తే చాలు. నామినీ ఉంటే క్లెయిమ్ ఫారం, సర్టిఫికెట్, నామినీ ఆధార్ సరిపోతాయి. కాగితాలన్నీ సరిగ్గా అందాక 15 రోజుల్లో తేల్చాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. నామినీ డబ్బు తీసుకుంటాడంతే, అది వారసులందరిదీ. ఈ ముక్క ఇంట్లో ముందే చెప్పేస్తే గొడవలుండవు.

పోయినవాళ్లకి యాభై ఐదేళ్ల లోపైతే పాస్‌బుక్‌లో 436 రూపాయలు కట్ అయిందేమో తప్పకుండా వెతకండి. ఏడాదికోసారి పోతుంది. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం, చాలామందికి తాము కడుతున్నట్టే తెలీదు. రెండు లక్షలు వస్తాయి. 20 రూపాయలు కట్ అయితే సురక్షా బీమా, అది ప్రమాదానికే.

పింఛను సంగతి ఆలస్యం చేయొద్దు. పోయిన తర్వాత నెలలకి జమ అయిన పింఛను వెనక్కి తీసుకుంటారు, అప్పటికే ఖర్చుపెట్టేసి ఉంటే ఇబ్బంది. పీపీఓలో, అంటే పింఛను మంజూరు కాగితంలో, అత్తయ్య పేరు ఉంది కాబట్టి ఫ్యామిలీ పింఛనుకి బ్యాంకులో సర్టిఫికెట్, దరఖాస్తు ఇచ్చాం. మామూలు రేటు చివరి బేసిక్ జీతంలో 30 శాతం, దానిమీద డీఆర్, అంటే కరువు భత్యం. రైల్వేవాళ్లయితే దొండపర్తి డీఆర్ఎం ఆఫీసుకి కూడా చెప్పండి: మెడికల్ కార్డు మార్పు, భార్యకిచ్చే రైలు పాస్ (విడో పాస్) అక్కడి పనులే. ప్రైవేటు ఉద్యోగమైతే పీఎఫ్ ఆఫీసులో మూడు ఫారాలు: పీఎఫ్‌కి 20, పింఛనుకి 10డి, ఉద్యోగంలో ఉండగా పోతే బీమాకి 5ఐఎఫ్. ఎన్టీఆర్ భరోసా పింఛనుదారు పోతే భార్య పేరు మీద పింఛను కోసం సచివాలయంలోనే అడగాలి. రైస్ కార్డులో పేరు తీయించడం కూడా అక్కడే అయిపోతుంది.

ఎల్ఐసీకి పాలసీ బాండు, 3783 నంబరు ఫారం ఇవ్వాలి. స్కూటర్ ఉంటే 30 రోజుల్లో ఆర్టీవోకి చెప్పి, మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్పించుకోవాలి. బండి ఇన్సూరెన్సు కూడా మార్పించేదాకా ఎవరికీ తాళం ఇవ్వకండి. కరెంటుకి ఈపీడీసీఎల్, ఇంటిపన్నుకి జీవీఎంసీ, వీటికి తొందర లేదు, బిల్లు కడుతుంటే చాలు. ఓటరు జాబితాకి ఫారం 7. పాన్ కార్డు మాత్రం వెంటనే రద్దు చేయించకండి, ఆ ఏడాది ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను వారసులే వేయాలి, రీఫండూ దాంతోనే వస్తుంది.

సిమ్‌ని రీచార్జ్ చేస్తూ ఉండండి. ఫోను ఒకరి దగ్గరే ఉండాలి. మావయ్య ఫోన్ నా దగ్గరే ఉండేది. మెసేజ్‌లు వెనక్కి ఒక ఏడాది చదివితే ఎవరికి చెప్పడం మిగిలిపోయిందో అందులోనే తేలిపోతుంది: ఏడాదికోసారి కట్టే ప్రీమియం, మర్చిపోయిన ఎఫ్‌డీ, సహకార సొసైటీ వాటా. ఎక్కడో పాత అకౌంటు ఉందని అనుమానమొస్తే రిజర్వ్ బ్యాంకు ఉద్గమ్ పోర్టల్‌లో వెతకొచ్చు, పదేళ్లుగా ఎవరూ అడగని డిపాజిట్లు అక్కడ కనిపిస్తాయి. ఆ నంబరుకి బ్యాంకు నుంచీ బీమా నుంచీ ఇంకేమీ రావడం లేదని తేలాక, సర్టిఫికెట్ తీసుకుని కంపెనీ స్టోరుకి వెళ్లి సిమ్ ఆపించేయండి, లేదా ఇంట్లోవాళ్ల పేరు మీదకి మార్పించుకోండి.