వానలు మొదలవ్వకముందే ఎక్స్‌ట్రా ఫిట్టింగుల లైన్లు చూసుకోండి

ఫాగ్ ల్యాంపులు, పెద్ద హారన్లు, డ్యాష్‌క్యామ్, లాప్‌టాప్ చార్జింగుకు చిన్న ఇన్వర్టర్. ఎండాకాలమంతా ఇవి కారులో ఏ పేచీ పెట్టవు. వానలో, రాత్రి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు లెక్క మారుతుంది. హెడ్‌లైట్లు, వైపర్లు, ఏసీ బ్లోయర్, వెనకద్దం డీఫాగర్ అన్నీ ఒకేసారి నడుస్తుంటాయి, ఇంజనేమో ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా నిదానంగా తిరుగుతూ) ఉంటుంది. ఐడిల్‌లో ఆల్టర్నేటర్ (ఇంజన్ తిప్పితే కరెంటు తయారుచేసేది) తన మీద రాసి ఉన్నన్ని ఆంపియర్లు ఇవ్వలేదు. తక్కువ పడ్డది బ్యాటరీలోంచి పోతుంది.

కారు కరెంటు 12 వోల్టులది కాబట్టి వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 55 వాట్ల హాలోజెన్ ఫాగ్ ల్యాంపులు రెండు కలిసి 9 ఆంపియర్ల పైనే లాగుతాయి. అదే 20 వాట్ల ఎల్ఈడీల జత అయితే మూడున్నర లోపే. 150 వాట్ల ఇన్వర్టర్ ఫుల్ లోడు మీద, లోపల పోయే వృథాతో కలిపి, 14-15 ఆంపియర్లు తీసుకుంటుంది. చాలా కార్లలో సిగరెట్ లైటర్ సాకెట్ 120 వాట్లకే చేసింది, మూత మీదే రాసి ఉంటుంది. దాంట్లో ఈ ఇన్వర్టర్ గుచ్చితే ఫ్యూజ్ పోతుంది. పోవాలి కూడా.

అసలు ముప్పు ఆ తర్వాత చేసే పనిలో ఉంది: ఎర్ర ఫ్యూజ్ (10 ఆంపియర్లు) తీసి పసుపుది (20) పెట్టడం. ఫ్యూజ్ ఉన్నది వైరును కాపాడటానికి. దాన్ని పెంచినంత మాత్రాన వైరు లావెక్కదు, ఈసారి కరిగేది డ్యాష్‌బోర్డు వెనక వైరు తొడుగే. ఇక ఫ్యూజ్‌కు రేకు చుట్టి నడిపించేవాళ్లకు చెప్పేదేముంది! 60/55 వాట్ల హెడ్‌లైట్ బల్బు స్థానంలో 100/90 వేయడమూ ఇదే బాపతు. హోల్డర్ నల్లబడుతుంది, స్విచ్ కాంటాక్టులు కాలతాయి.

హాలోజెన్ ఫాగ్ ల్యాంపులు వేయించాలంటే బ్యాటరీ ప్లస్ నుంచి విడిగా లైను లాగించండి: 2.5 చదరపు మి.మీ. రాగి వైరు, 15 ఆంపియర్ల నీలం ఫ్యూజ్. ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి, ఎందుకంటే బ్యాటరీకీ ఫ్యూజ్‌కీ మధ్యనున్న వైరుకు ఏ రక్షణా లేదు. అక్కడి నుంచి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) 30 పిన్నుకు, 87 నుంచి ల్యాంపులకు. స్విచ్ లైను 86కు, 85 ఎర్త్‌కు (కారు బాడీకి). స్విచ్‌లో పారేది రిలే కాయిల్ కరెంటే, ఒక ఆంపియర్‌లో ఐదో వంతు కూడా ఉండదు. రిలేను పిన్నులు కిందికి ఉండేలా బిగిస్తే నీళ్లు నిలవవు.

ఎర్త్ బోల్టు దగ్గర పెయింట్ గీకించి, బిగించాక గ్రీజు రాయించండి. ఎర్త్ వదులైతే ఫ్యూజ్ పోదు, లైటు మసకబారుతుంది, జాయింటు వేడెక్కుతూనే ఉంటుంది. ఉత్త టేపు చుట్టిన జాయింట్లయితే ఇంజన్ వేడికి జిగురు కారి ఊడతాయి, తడి చేరి రాగి పచ్చబడుతుంది. క్రింప్ చేసి (లోహపు ముక్కలో నొక్కి బిగించి), వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం వేయించండి. క్యాబిన్‌లోకి వచ్చే వైరు రబ్బరు గ్రామెట్ (రంధ్రం అంచుకు వేసే రింగు) లోంచే రావాలి, ఒట్టి రేకు అంచు తొడుగును కోసేస్తుంది.

డ్యాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్‌లో (కారు ఆపేశాక కూడా నడుస్తూ) పావు ఆంపియర్ లాగినా రోజుకు 6 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు). 35 ఏహెచ్ బ్యాటరీ ఉన్న కారు మూడు నాలుగు రోజులు కదలకపోతే సెల్ఫ్ తీసుకోదు. 12.2 వోల్టుల దగ్గర ఆపేసే కిట్ పెట్టించండి.

చివరగా ఇంజన్ ఐడిల్‌లో ఉంచి అన్నీ ఆన్ చేసి, బ్యాటరీ మీద మల్టీమీటర్ పెట్టండి. 13.5 వోల్టుల పైన నిలబడితే బాగున్నట్టు. 12.6 దాటి ఇంకా దిగుతుంటే ఏదో ఒకటి ఆపేయాల్సిందే. పది నిమిషాలయ్యాక అన్నీ ఆపి ఫ్యూజ్ హోల్డర్‌ను ముట్టుకోండి, కాలుతుంటే ఆ జాయింటు మళ్లీ చేయించాలి.