డాబా మీద రాత్రిళ్ళు ఎవరూ కూర్చోవడం లేదా? ముందు ఆ పైపు చూడండి

"అన్నీ పెట్టించామండీ. వేలాడే లైట్లు, పేము కుర్చీలు, మూలన నవారు మంచం. అయినా పది నిమిషాలు దాటితే పైన ఒక్కరూ ఉండట్లేదు."

డాబాలు సర్ది ఇవ్వడం నా పని, ఇలాంటి ఫోను నాకు నెలకొకటైనా వస్తుంది. వాళ్ళు అడిగేది ఎప్పుడూ ఒకటే, ఇంకేం కొనాలి అని. నేను అడిగేదీ ఒకటే: జనం ఏ టైముకి లేచిపోతున్నారు, లేచేటప్పుడు ఏమంటున్నారు? "కింద నుంచి సెగ" అంటే ఒక దారి. "కళ్ళు లాగుతున్నాయి" అంటే ఇంకో దారి. ఏమీ అనకుండా పిక్కలు గోక్కుంటూ మెట్లు దిగిపోతే మూడో దారి. ఈ మూడోదానికే మనవాళ్ళు ఎక్కువ డబ్బు తగలేస్తారు, చూడాల్సింది మాత్రం చూడరు. మొదటి రెండూ గబగబా చెప్పేసి అక్కడికి వస్తాను.

కూర్చోగానే కింద సెగ

పగలంతా ఎండ తాగిన స్లాబు దాన్ని రాత్రి పది దాకా కక్కుతూనే ఉంటుంది. నీళ్ళు చల్లితే తగ్గుతుంది. అయితే అందరూ చల్లేది కూర్చోబోయే ముందు. అప్పుడు చల్లితే ఆవిరి మీ మొహానికే కొడుతుంది, చల్లదనం మాట దేవుడెరుగు, ఉక్కపోస్తుంది. ఎండ వాలగానే ఒకసారి చల్లండి, అది చుర్రుమని ఆరిపోతుంది. అరగంట ఆగి రెండోసారి చల్లండి. పని చేసేది ఆ రెండోదే. సముద్రం దగ్గరి ఊళ్ళలో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి ఈ చిట్కా కర్నూలులో పనిచేసినంత కాకినాడలో పనిచేయదు.

ఎండలు ముదరకముందే సున్నం గానీ తెల్ల కూలింగ్ పెయింటు గానీ వేయించుకుంటే సగం బాధ అసలు మొదలే కాదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ఏకంగా కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. ఇక ఆ ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి. ఫొటోలో బాగుంటుంది. మే నెల సాయంత్రం దాని మీద చెప్పుల్లేకుండా నడిచి చూసి, అప్పుడు కొనండి. చాప నేల మీద పరచకండి, నులక మంచమో నవారు మంచమో వేయండి. కింద గాలి ఆడితేనే వీపు చల్లబడుతుంది.

వెలుతురు ఉంది, కూర్చోబుద్ధి కాదు

మెట్ల గది గోడకి ఒక తెల్ల ట్యూబులైటు, దాని ఎదురుగా కుర్చీలు. కూర్చున్నవాళ్ళు పోలీసు విచారణకి వచ్చినట్టుంటారు. బల్బు డబ్బా మీద 6500కె అని ఉంటే అది ఆఫీసు వెలుతురు. 2700కె లేదా 3000కె అని ఉన్నది తెచ్చుకోండి, దీపం రంగు వస్తుంది. బల్బు కంటికి సూటిగా కనబడకూడదు. పిట్టగోడ లోపలి వైపు మోకాలి ఎత్తులో, కుండీల వెనక, మంచం కింద, ఎక్కడైనా సరే, వెలుతురు కనబడాలి గానీ బల్బు కనబడకూడదు. తెల్ల లైటు కన్నా పసుపు లైటుకి పురుగులు తక్కువ వస్తాయి, అదో లాభం. తొలకరి వాన పడ్డ రాత్రి ఉసిళ్ళు లేస్తే ఏ రంగూ పనిచేయదు. అన్నీ ఆర్పేసి దూరంగా ఒక్క లైటు వేసి, దాని కింద నీళ్ళ బేసిన్ పెట్టండి. కాసేపటికి వాటి హడావుడి అవే ముగించుకుంటాయి.

చీకటి పడగానే దోమలు, ఏం చేసినా పోవు

ఇక అసలు సంగతి.

దోమలనగానే అందరి వేలూ కుండీల మీదికే పోతుంది. పళ్ళేల్లో నీళ్ళు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు. ఇవి తీసేయాల్సినవే, కాదనను. కానీ అక్కడ పుట్టేది ఎక్కువగా ఒంటి మీద తెల్ల చారలుండే దోమ. డెంగీ తెచ్చేది అదే, అది కుట్టేది పగటిపూట. రాత్రి ఎనిమిదింటికి మీ చెవి దగ్గర సంగీతం పాడే మట్టిరంగు దోమ వేరు. దాని పేరు క్యూలెక్స్, బోదకాలు వ్యాపింపజేసేది ఇదే. దీనికి మురుగు నీళ్ళు కావాలి. ఎంత మురికైతే అంత ఇష్టం. పడవలా అతుక్కుని తేలే గుడ్లు ఒక్కో విడతలో వందకి పైగా పెడుతుంది. మన వేడికి వారం పది రోజుల్లో గుడ్డు దోమై ఎగురుతుంది.

మరి మీ ఇంట్లో అన్నిటికన్నా మురికి నీళ్ళు, ఎప్పుడూ ఎండనివి, ఎవరూ కదిలించనివి ఎక్కడున్నాయి? సెప్టిక్ ట్యాంకులో. అది నేల కింద, ఇంటి ముందో వెనకో ఉంటుంది. దాని గాలి గొట్టం మాత్రం గోడ పట్టుకుని తిన్నగా డాబా మీదికొచ్చి నోరు తెరుచుకుని నిలబడుతుంది. దోమలకి అది లిఫ్టు.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్పాలి, పరువు పోయినా సరే.

భీమవరంలో ఒక రిటైర్డ్ మాస్టారి డాబా సర్ది ఇచ్చాను. కొబ్బరాకు పందిరి, నులక మంచాలు, పసుపు లైట్లు, అన్నీ కుదిరాయి. వారానికే మాస్టారు ఫోను చేశారు, దోమలు కూర్చోనివ్వడం లేదని. వెళ్ళి చూశాను. "చుట్టూ చేపల చెరువులే కదా మాస్టారూ" అన్నాను. ఆయనా ఒప్పుకున్నారు. అయినా ఏదో ఒకటి చేయాలి కదా, మాస్టారి భార్య, పిన్ని గారి మల్లె, మరువం, కనకాంబరం కుండీలన్నీ కిందికి దింపించేశాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. కానీ ఆ రోజు నుంచి నాకిచ్చే కాఫీలో పంచదార తగ్గింది. దోమలు మాత్రం తగ్గలేదు. రెండోసారి వెళ్ళి పందిరి ఆకు మీద అనుమానపడి అది విప్పించాను. అయినా తగ్గలేదు.

మూడోసారి వెళ్ళినప్పుడు ఏం చేయాలో తెలియక ఊరికే కూర్చున్నాను. పొద్దు గుంకి పడమటి ఆకాశం ఇంకా కాస్త తెల్లగా ఉంది. పిట్టగోడ పక్కన ఆ పైపు నల్లగా కనబడుతోంది. దాని నోట్లోంచి సన్నగా పొగ లేస్తోంది. వంటింటి పొగ గొట్టమేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్తే పొగ కాదు, దోమలు. ఒకదాని వెనక ఒకటి, కల్లు దుకాణం కట్టేశాక బయటికొచ్చే జనంలా. అన్నిటికన్నా సిగ్గుపడాల్సింది ఏంటంటే, ఆ పైపు చూడ్డానికి బాగుండదని దానికి రంగు వేయించి, లైట్ల తీగ చుట్టించి, దాని కిందే మంచం వేయించింది నేనే.

ఆ తర్వాత వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ముందు చూసేది పైపునే. రాత్రి దోమల గోల ఉన్న ఇళ్ళలో సగానికి పైగా ఇదే దొరికింది.

పరీక్ష చాలా తేలిక. పాత దోమతెరలోంచి జానెడు వెడల్పు సంచిలా ముక్క కత్తిరించి, సాయంత్రం ఐదింటికి పైపు నోటికి వదులుగా తొడిగి రబ్బరు బ్యాండు వేయండి. పొద్దున్నే వెళ్ళి చూడండి. సంచిలో పది దోమలున్నా దొంగ దొరికినట్టే. నేను వందలు చూసిన ఇళ్ళున్నాయి. ఒక్కటీ లేకపోతే మీ పైపు నిర్దోషి, అప్పుడు కుండీల దగ్గరికి వెళ్ళండి. "మా పైపుకి టోపీ ఉందండీ" అంటారు చాలామంది. ప్లాస్టిక్ టోపీకి ఉండే చీలికల్లోంచి దోమ ఏంటి, ఈగ కూడా దర్జాగా వస్తుంది. టోపీ ఉన్నా సరే, పరీక్ష చేయండి.

పరిష్కారం జాలీ కట్టడమే. దానిలోనూ తప్పులు చేస్తారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మామూలు ఇనుప జాలీ కట్టకండి. ట్యాంకు నుంచి వచ్చే గ్యాసుకి అది తుప్పు పట్టి రాలిపోతుంది, రాలిన సంగతి మీకు తెలియను కూడా తెలియదు. కిటికీలకి వేసే స్టీలు జాలీ ముక్క చాలు. స్టీలు దొరక్కపోతే నైలాన్ కట్టండి, కాకపోతే అది ఎండకి పెళుసెక్కుతుంది, ఏటా మార్చాలి. టోపీ తీసి, జాలీని పైపు నోటి మీద డోలు చర్మంలా బిగించి, చుట్టూ స్టీలు హోస్ క్లిప్ వేసి స్క్రూ తిప్పండి. బైండింగ్ వైరు వద్దు, అదీ తుప్పే. మీద మళ్ళీ టోపీ పెట్టేయండి, వాన నీళ్ళూ ఆకులూ పడవు.

పైపుని మూతతో పూర్తిగా బిగించేయాలని మాత్రం చూడకండి. గ్యాసు పోయే దారి లేక బాత్రూముల్లోకి ఎగదన్నుతుంది, దోమలు పోయి కంపు వస్తుంది. పైపు నోటి దగ్గర అగ్గిపుల్ల గీయడం, సిగరెట్ కాల్చడం చేయకండి, వచ్చేది మండే గ్యాసే. ట్యాంకు మూత తీసి లోపలికి తొంగిచూడడం అసలు వద్దు. ఆ గాలి మనిషిని నిమిషాల్లో పడగొట్టేస్తుంది. ట్యాంకులో కిరసనాయిలూ, పాత ఇంజనాయిలూ, ఫినాయిలూ పోయమని సలహా ఇచ్చే పెద్దమనిషి ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. అవి పోస్తే లోపల మలాన్ని కుళ్ళబెట్టి కరిగించే సూక్ష్మజీవులు చస్తాయి, ట్యాంకు తొందరగా నిండుతుంది.

జాలీ కట్టాక కింద ట్యాంకు మూతలూ, ఛాంబరు మూతలూ ఒకసారి చూడండి. మూత ఎత్తే కొక్కెం దగ్గర కన్నం, అంచున పగులు, ఇవి రెండో దారి. పైన కట్టేస్తే ఇక్కడి నుంచి వస్తాయి. సిమెంటు ముద్దతో పూడ్చేయండి.

ఇంతా చేసి మర్నాడే ఫోను చేయకండి. ఇప్పటికే బయట ఉన్న దోమలు ఇంకో రెండు వారాలు బతుకుతాయి. ఈలోగా స్టాండు ఫ్యాను ఒకటి పైకి తెచ్చి, మోకాలి ఎత్తులో కూర్చున్నవాళ్ళ కాళ్ళ మీదికి అడ్డంగా తిప్పండి. దోమ బలహీనంగా ఎగురుతుంది, ఫ్యాను గాలికి ఎదురీదలేదు. మన ఊపిరి వాసన పట్టి రావడం కూడా దానికి కష్టమవుతుంది. కాయిల్ డాబా మీద గాలికి పక్కింటికి పోతుంది. కరెంటు బ్యాటు పిల్లలకి మంచి ఆట.

అంతా చేసి మూడు వారాలైనా తగ్గలేదా? పిట్టగోడ మీంచి తొంగి చూడండి. గోడలు కలిసిన ఇళ్ళలో పక్కింటి పైపు మీ మంచానికి నాలుగడుగుల దూరంలోనే ఉండొచ్చు. "మీ పైపు దోమలు మా ఇంటికొస్తున్నాయి" అని మొదలుపెడితే తగువే. "బాబాయ్ గారూ, జాలీ ముక్క ఒకటి మిగిలిపోయింది, మీ పైపుకీ కట్టేయమంటారా?" అనండి. ఊరికే వచ్చేదాన్ని వద్దన్న బాబాయిని నేనింకా చూడలేదు.

ఆరు నెలలకోసారి జాలీని పాత టూత్ బ్రష్షుతో రుద్దండి. సాలెగూడూ దుమ్మూ పట్టి మూసుకుపోతే గ్యాసు మళ్ళీ వెనక్కి తన్నుతుంది. గుర్తుండకపోతే సంక్రాంతికి ఒకసారి, వానలు మొదలవక ముందు ఒకసారి అని పెట్టుకోండి. చలి తగ్గి ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి ఈ దోమల సీజను ఊపందుకుంటుంది. సంక్రాంతికి చేస్తే దానికన్నా ముందుంటారు.

మాస్టారి ఇంట్లో జాలీ కట్టిన నెలకి పిన్ని గారి కుండీలు నా చేతులతోనే మళ్ళీ పైకెక్కించాను. పంచదార కూడా యథాస్థానానికి వచ్చింది.

మిగతావి

వాన పడగానే లైట్లు ఆరిపోయి మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, పడిపోతోందా? టేపు చుట్టిన జాయింటు ఎక్కడో తడుస్తోంది. 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే చాలు, అది పడిపోయేలా చేసిందే మీ ప్రాణం కోసం. దాన్ని తీసేసి నేరుగా కలిపించుకోకండి. జాయింటుని మూత ఉన్న వాటర్‌ప్రూఫ్ డబ్బాలోకి మార్పించండి, ఐపీ65 అని రాసున్న లైట్లు వాడండి, వాటిలోకి వాన నీళ్ళు దూరవు.

స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ మిణుకుమిణుకుమంటుంటే చాలావరకు స్విచ్ న్యూట్రల్ మీద పడి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ ఐదు నిమిషాల్లో ఫేజ్ మీదికి మారుస్తాడు.

తామర తొట్టి ఉంటే నాలుగు గప్పీ చేపలు వదలండి, చాలు.

పక్క అపార్ట్‌మెంటు ఫ్లడ్ లైటు మీ డాబా మీద పడుతుంటే వాళ్ళ వాచ్‌మన్‌తో మాట్లాడి దాని మొహం కిందికి తిప్పించండి. కుదరకపోతే అటువైపు వెదురు తడిక కట్టండి.

కోతుల సంగతి నన్ను అడగకండి. వరంగల్‌లో ఒక ఇంట్లో నేను కట్టిన లైట్ల తీగని మర్నాటికే పీకి వేప చెట్టుకి కట్టుకున్నాయి. నిజం చెప్పొద్దూ, అక్కడే బాగుంది.